దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో పచ్చిక బయళ్ల పునరుద్ధరణ – శాస్త్ర సంస్థల సమన్వయ ఆవశ్యకత

2019 పశుగణనలో తెలంగాణ రాష్ట్రం 1.91 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2012లో ఈ సంఖ్య 1.28 కోట్లు. దేశం మొత్తం మీద ఉన్న 7.43 కోట్ల గొర్రెలలో నాలుగో వంతుకు పైగా ఈ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నవి. వీటిలో గణనీయమైన భాగం పూర్వ మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలోని గొల్ల, కురుమ కుటుంబాల మందలకు చెందినది. 2017 జూన్‌లో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకం ఈ పెరుగుదలకు ఒక ముఖ్య కారణం. ఏడేళ్లలో గొర్రెల సంఖ్య దాదాపు సగం మేరకు పెరిగింది. అవి మేసే నేల మాత్రం పెరగలేదు. పైగా ఉన్న నేలలోనూ గడ్డి పలుచబడుతున్నది. దాణా, టీకాలు, మెరుగైన పొట్టేళ్లు ఎన్ని సమకూర్చినా, మేత లేని మంద పెంపకందారునికి ఆదాయం ఇవ్వదు. అందువల్ల పచ్చిక బయళ్ల పునరుద్ధరణను ఈ ప్రాంతపు గ్రామీణ జీవనోపాధికి మూలాధారమైన అంశంగా పరిగణించవలసి ఉన్నది.

పచ్చిక స్వరూపం

పూర్వ నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు దక్షిణ తెలంగాణ వ్యవసాయ మండలంలోని ప్రధాన భాగాలు. 2016లోనూ, ఆ తరువాత 2019లోనూ జరిగిన పునర్విభజనలతో ఇవి నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలుగా ఏర్పడినవి. కాలువల కింది ఆయకట్టును మినహాయిస్తే ఇది ప్రధానంగా చెలక నేలల మెట్ట ప్రాంతం. గ్రానైటు శిలల నుండి ఏర్పడిన ఈ ఎర్ర నేలలు లోతు తక్కువ; తేమను ఎక్కువ కాలం నిలుపుకోలేవు. పైన గడ్డి లేకపోతే వాన చినుకుల తాకిడికి పైపొర గట్టిపడి, నీరు ఇంకక వాలు వెంట పారిపోతుంది.

భారత వ్యవసాయ పరిశోధన మండలి 1973లో ప్రచురించిన దబడ్‌ఘావ్, శంకరనారాయణ్‌ల గ్రంథం దేశంలోని గడ్డి భూములను ఐదు ప్రధాన రకాలుగా వర్గీకరించింది. దక్కను పీఠభూమి వీటిలో ‘సెహిమా–డైకాంథియం’ రకానికి చెందుతుంది. గులక రాళ్లతో కూడిన ఎర్ర నేలల్లో సెహిమా, సమతలమైన నల్ల నేలల్లో డైకాంథియం ప్రధానంగా పెరుగుతాయి. రెండూ బహువార్షిక గడ్డి జాతులే. ఎండాకాలంలో పైభాగం ఎండిపోయినా కుదురు జీవించి ఉండి, తొలకరితో తిరిగి చిగురిస్తుంది.

గ్రామ రికార్డులలో ఇటువంటి భూములు కంచె, గైరాన్, బంచరాయి, పోరంబోకు వంటి పేర్లతో కనిపిస్తాయి. వీటిపై ఆధారపడి దక్కనీ నల్ల గొర్రె, దాని ఉన్నితో గొంగడి నేత, పంట కోసిన చేలలో మంద పెట్టించి ఎరువు వేసుకొనే ఆచారం తరతరాలుగా కొనసాగినవి. రైతుకు ఎరువు, కాపరికి గింజలో డబ్బో, మందకు మేత లభించే ఈ ఏర్పాటులో కంచె, పొలం, మంద ఒకదానికొకటి తోడుగా నిలిచినవి.

క్షీణత జరిగే క్రమం

పచ్చిక ఒక్కసారిగా నశించదు. మెట్లు మెట్లుగా దిగజారుతుంది. అతిమేతకు గురైన చోట మొదట సెహిమా, డైకాంథియం వంటి మేలైన బహువార్షిక గడ్డి తగ్గుతుంది. దాని స్థానంలో హెటెరోపోగాన్ వ్యాపిస్తుంది. ఇది లేతగా ఉన్నప్పుడు మేతకు పనికివచ్చినా, గింజ కట్టిన తరువాత దాని ముళ్ల వంటి గింజలు గొర్రె ఉన్నిలో, చర్మంలో, నోటిలో గుచ్చుకొంటాయి. మేత ఒత్తిడి ఇంకా కొనసాగితే అరిస్టిడా, ఎరాగ్రోస్టిస్ వంటి తక్కువ పోషక విలువ గల గడ్డి మాత్రమే మిగులుతుంది. చివరి మెట్టులో వయ్యారిభామ, సర్కారు తుమ్మ, లాంటానా ఆక్రమిస్తాయి. లేదా నేల బోడిగా మిగిలిపోతుంది.

ఈ పతనంలో కీలకమైన కాలం తొలకరి తరువాతి కొన్ని వారాలు. బహువార్షిక గడ్డి తన కుదురులో, వేళ్లలో దాచుకొన్న పిండి పదార్థాన్ని ఖర్చు చేసి తొలి ఆకులను వేస్తుంది. ఆ ఆకులు ఎదిగి తిరిగి ఆహారాన్ని తయారు చేస్తేనే ఖర్చయిన నిల్వ భర్తీ అవుతుంది. గొర్రె నేలకు దగ్గరగా కొరికి మేస్తుంది. లేత చిగురును పదే పదే కొరికితే మొక్క నిల్వలు తరిగి, రెండు మూడు సంవత్సరాలలో కుదురు చచ్చిపోతుంది. ఎండాకాలమంతా ఆకలితో గడిపిన మంద మేత కోసం ఆత్రపడేది కూడా సరిగ్గా ఈ వారాలలోనే. గడ్డికి విరామం అత్యవసరమైన సమయం, మందకు మేత అత్యవసరమైన సమయం ఒక్కటే కావడం ఈ సమస్యలోని అసలు చిక్కు. ఈ చిక్కును విప్పకుండా విత్తనం చల్లినంత మాత్రాన ఫలితం ఉండదు.

ఉమ్మడి భూముల తరుగుదల

పచ్చిక నాణ్యత తగ్గడంతోపాటు విస్తీర్ణం కూడా తగ్గింది. ఈ విషయంపై దేశంలోనే ఆధారప్రాయమైన పరిశోధనలో పాలమూరు గ్రామాలకు చోటున్నది. ఇక్రిశాట్ సంస్థ 1975లో గ్రామ స్థాయి అధ్యయనాలను ప్రారంభించినప్పుడు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, దోకూరు గ్రామాలను ఎంచుకొన్నది. ఆ సంస్థలో పనిచేసిన ఆర్థిక శాస్త్రవేత్త ఎన్.ఎస్. జోధా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాలలోని 82 గ్రామాల ఉమ్మడి వనరులను పరిశీలించి, 1986లో ఫలితాలను ప్రకటించారు. మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఆ పరిశీలనలో ఉన్నది. 1950ల ఆరంభం నుండి 1980ల ఆరంభం వరకు, మూడు దశాబ్దాల వ్యవధిలో, ఉమ్మడి భూముల విస్తీర్ణం వివిధ రాష్ట్రాలలో 31 నుండి 55 శాతం వరకు తగ్గినట్లు ఆయన గుర్తించారు. ఈ భూములపై పేద కుటుంబాలు సంపన్న కుటుంబాల కంటె చాలా ఎక్కువగా ఆధారపడుతున్నట్లు కూడా అదే పరిశోధన వెల్లడించింది.

ఆ తరువాతి దశాబ్దాలలో ఒత్తిడి రూపం మారింది. బోరుబావులు వచ్చి మిట్ట నేలలు సాగులోకి వచ్చినవి. జొన్న స్థానంలో పత్తి విస్తరించింది. జొన్న చొప్ప పశువుకు మేత. పత్తి కట్టె మేత కాదు. అంటే కంచె తగ్గిన కాలంలోనే పొలం నుండి వచ్చే ఎండుమేత కూడా తగ్గింది. హైదరాబాదు నగర విస్తరణ, రహదారులు, పరిశ్రమలు ఉమ్మడి భూములపై కొత్త గిరాకీని తెచ్చినవి. అమ్రాబాద్ పులుల అభయారణ్యపు ప్రధాన భాగంలో మేపుపై ఆంక్షలు ఉండడం వల్ల వలస మందలకు దారులు కుదించుకుపోయినవి. నారాయణపేట జిల్లాలోని కృష్ణా తీర మండలాలలో కృష్ణజింకలు పంట చేలపై పడి నష్టం కలిగించడం కూడా పచ్చికకు, పొలానికి మధ్య హద్దు చెరిగిపోయిన స్థితికి ఒక సూచన.

‘బంజరు’ అనే పేరు తెచ్చిన నష్టం

పచ్చిక క్షీణతకు ఒక పరిపాలనా కారణం కూడా ఉన్నది. దేశంలో భూ వినియోగ పటాలు తయారు చేసేటప్పుడు పొదలతో కూడిన మిట్ట నేలలను, క్షీణించిన మేత భూములను బంజరు భూముల జాబితాలో చేర్చడం పరిపాటి. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వెలువడిన బంజరు భూముల అట్లాసులు కూడా ఈ వర్గీకరణనే అనుసరించినవి. బంజరు అని పేరుపడిన భూమిని ఏదో ఒక ఉపయోగంలోకి తేవాలన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది. దాన్ని పంపిణీకి, నిర్మాణాలకు లేదా చెట్ల పెంపకానికి కేటాయిస్తారు. చెట్లు నాటడం మేలైన పనే. అయితే సహజంగా గడ్డి భూమి అయిన చోట దట్టంగా చెట్లు నాటితే నీడకు గడ్డి చచ్చిపోతుంది. మొక్కల రక్షణకు కంచె వేయడంతో మంద మేతను కోల్పోతుంది. పచ్చిక బయలు తనకు తానే ఒక జీవావరణ వ్యవస్థ అన్న గుర్తింపు పునరుద్ధరణకు తొలి మెట్టు.

న్యాయపరంగా కొంత ఆధారం లభిస్తున్నది. జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న ఇచ్చిన తీర్పు, గ్రామ ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగించి వాటిని తిరిగి గ్రామానికి అప్పగించే పథకాలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2006 అటవీ హక్కుల చట్టం అటవీ భూములలో స్థిర నివాసులకు, వలస కాపరులకు ఉన్న మేత హక్కులను గుర్తించింది.

సమన్వయానికి పూర్వానుభవం

వేర్వేరు శాస్త్ర సంస్థలు ఒకే క్షేత్రంలో కలిసి పనిచేయడం ఈ జిల్లాలకు కొత్త కాదు. 1999లో రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఇక్రిశాట్, కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా), జాతీయ దూర సంవేదన సంస్థ, జిల్లా కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం, ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ కలిసి ఆదర్శ వాటర్‌షెడ్‌ను చేపట్టినవి. బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జీవనోపాధుల కార్యక్రమంలో భాగంగా ఈ నమూనాను 2002 నుండి మహబూబ్‌నగర్, నల్గొండ, కర్నూలు జిల్లాలకు విస్తరించారు.

రైతుల పొలాల నుండి మట్టి నమూనాలు సేకరించి పరీక్షించినప్పుడు ఈ మూడు జిల్లాల నేలల్లో గంధకం, జింకు, బోరాన్ లోపాలు విస్తృతంగా ఉన్నట్లు బయటపడింది. ఈ పోషకాలను నత్రజని, భాస్వరాలతో కలిపి అందించినప్పుడు మొక్కజొన్న, ఆముదం, వేరుశనగ, పెసర దిగుబడులు పెరిగినవి. నీటి కొరత మాత్రమే కారణమని భావించిన చోట పోషక లోపం కూడా ఉన్నదని తెలియడానికి నీటి నిపుణులు, మృత్తికా శాస్త్రవేత్తలు, స్వచ్ఛంద సంస్థలు, రైతులు ఒకే చోట కలవడమే కారణం. అయితే ఆ కృషి ఫలం ప్రధానంగా సాగు భూములకే అందింది. యజమాని ఉన్న పొలానికి మట్టి పరీక్ష జరుగుతుంది. యజమాని లేని బంచరాయికి మట్టి పరీక్ష చేయించే వారెవరు అన్న ప్రశ్న మిగిలిపోయింది.

సముద్ర గడ్డి నుండి ఒక పాఠం

ఎవరి సొంతమూ కాని పచ్చికను ఎవరు కాపాడాలి అన్న ప్రశ్న మెట్టకే పరిమితం కాదు. తీర ప్రాంతపు లోతు తక్కువ నీటి అడుగున పెరిగే సముద్ర గడ్డి మైదానాలదీ ఇదే స్థితి. ఇవి నాచు జాతులు కావు. వేళ్లు, భూగర్భ కాండం, పూలు గల మొక్కలు. చేప పిల్లలకు ఆశ్రయం, సముద్రపు ఆవులకు మేత ఇవే. భారత్, శ్రీలంకల నడుమ పాక్ అఖాతంలో ఇవి విస్తారంగా ఉన్నవి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పంచుకొంటున్న పులికాట్ సరస్సులోనూ కొన్ని జాతులు కనిపిస్తాయి. తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరులో తంజావూరు, పుదుక్కోట్టై తీరంలో 448 చదరపు కిలోమీటర్ల సముద్ర ప్రాంతాన్ని సముద్రపు ఆవుల సంరక్షణ క్షేత్రంగా ప్రకటించింది. క్షీణించిన చోట వెదురు చట్రాలకు కొబ్బరి తాళ్లతో గడ్డి పిలకలు కట్టి తిరిగి నాటే పద్ధతిని కూడా ఆ తీరంలో అనుసరించారు.

ఆ అనుభవం మెట్ట పచ్చికకు రెండు విషయాలను స్పష్టం చేస్తుంది. మొదటిది, క్షీణతకు మూలమైన కారణాన్ని ఆపకుండా నాటిన పిలక నిలవదు. అక్కడ అడుగును దువ్వే వలలు ఆగాలి. ఇక్కడ తొలకరి మేపు ఆగాలి. రెండవది, వనరు ఒక శాఖ పరిధిలో ఇమడనప్పుడు పరిశోధన కూడా ఒక సంస్థ పరిధిలో ఇమడదు. సముద్ర శాస్త్రజ్ఞునికి మత్స్యకారుని సమ్మతి ఎంత అవసరమో, పశుగ్రాస శాస్త్రజ్ఞునికి కాపరి సమ్మతి అంతే అవసరం.

ఏ సంస్థ వద్ద ఏమున్నది

దక్షిణ తెలంగాణ పచ్చికకు కావలసిన విజ్ఞానంలో అధిక భాగం హైదరాబాదు పరిసరాలలోనూ, ఈ జిల్లాలలోనూ ఇప్పటికే ఉన్నది. కాని విడివిడిగా ఉన్నది. రాజేంద్రనగర్‌లోని అఖిల భారత సమన్వయ పశుగ్రాస పరిశోధన విభాగం వద్ద పశుగ్రాస రకాలపై అనుభవం ఉన్నది. ఝాన్సీలో 1962లో ఏర్పడిన భారత పచ్చిక, పశుగ్రాస పరిశోధన సంస్థ వద్ద జాతుల సేకరణ, విత్తనోత్పత్తి విధానాలు ఉన్నవి. చెలక నేలల్లో తేమ సంరక్షణ క్రీడా ప్రత్యేకత. మంద పరిమాణం, పశు ఆరోగ్యం, జాతి లక్షణాలు పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయపు పరిధిలోనివి. జాతీయ దూర సంవేదన కేంద్రం వద్ద ఉపగ్రహ చిత్రాలు, ఇక్రిశాట్ వద్ద గ్రామ స్థాయి సమాచారం ఉన్నవి. పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ మండలానికే ఉద్దేశించినది. పాలెం, మదనాపురం, కంపాసాగర్, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాలు గ్రామానికి దగ్గరగా ఉన్నవి.

భూమి హక్కు రెవెన్యూ శాఖ, గ్రామ పంచాయతీల చేతిలో, అటవీ హద్దు అటవీ శాఖ చేతిలో, కందకాలకు కూలీ నిధులు ఉపాధి హామీ పథకంలో, మంద గొర్రెల పెంపకందారుల సహకార సంఘాల సభ్యుల వద్ద ఉన్నవి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలినవి నిష్ఫలమవుతాయి. మేలైన విత్తనం ఉండి మేపు నియమం లేకపోతే మొలకనే మంద మేస్తుంది. మేపు నియమం ఉండి భూమి హద్దు తేలకపోతే కాపాడిన గడ్డి మరుసటి సంవత్సరం దున్నివేతకు గురవుతుంది.

పునరుద్ధరణ విధానం

మొదట గ్రామ పటంపై మేత భూమిని గుర్తించి, రెవెన్యూ రికార్డుతో సరిచూసి హద్దులు నిర్ణయించాలి. ఇందులో కాపరుల జ్ఞానం అమూల్యం. ఏ వాలున ఏ గడ్డి ఏ నెలలో లభించేదో, ఏది కనుమరుగైనదో వారు చెప్పగలరు. బహువార్షిక గడ్డి కుదుళ్లు ఇంకా మిగిలి ఉన్న చోట విత్తనం అవసరమే ఉండకపోవచ్చు. ఒకటి రెండు వర్షాకాలాలు విరామమిస్తే పచ్చిక తానే కోలుకొంటుంది. కుదుళ్లు పూర్తిగా నశించిన చోట మాత్రమే విత్తనం చల్లవలసి ఉంటుంది.

వాలుకు అడ్డంగా ఎడమ ఎడంగా కందకాలు తీసి నీటిని ఇంకించాలి. సర్కారు తుమ్మను వేళ్లతో సహా తొలగించాలి. చెలక నేలలకు అంజన్ గడ్డి, పప్పుజాతికి చెందిన స్టైలో అనుకూలమైన జంట. ఎకరాకు ఒక్కొక్కటి సుమారు 2–3 కిలోల విత్తనం సరిపోతుంది. అంజన్ గడ్డి తాజా విత్తనం సరిగా మొలవదు; కోసిన తరువాత 6–8 నెలలు నిల్వ చేసినది వాడాలి. స్టైలో విత్తనపు పైపొర గట్టిది కనుక 80 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో 4–5 నిమిషాలు ఉంచి, రాత్రంతా చల్లని నీటిలో నానబెట్టాలి. అంజన్ విత్తనం తేలికైనది. గాలికి, వాననీటికి కొట్టుకుపోకుండా మట్టి, పేడలతో కలిపి ఉండలుగా చేసి చల్లడం మంచిది. విత్తనం ఒక సెంటీమీటరుకు మించి లోతుకు పోరాదు. స్థానిక సెహిమా, డైకాంథియం విత్తనాన్ని మిగిలి ఉన్న మంచి కంచెల నుండి సేకరించి కలిపితే పచ్చిక సహజ స్వరూపానికి చేరువవుతుంది.

మొదటి సంవత్సరం మంద ప్రవేశించరాదు. గింజ రాలిన తరువాత గడ్డిని కోసి తీసుకుపోయి మేపవచ్చు. రెండవ సంవత్సరం నుండి భూమిని నాలుగు భాగాలు చేసి వంతులవారీగా మేపాలి. ప్రతి వర్షాకాలంలో ఒక భాగానికి గింజ రాలే వరకు పూర్తి విరామమిస్తే నాలుగేళ్లలో అన్ని భాగాలకూ ఆ అవకాశం వస్తుంది.

విరామ కాలంలో మంద ఎక్కడ మేయాలన్నదే చివరకు పథకం భవిష్యత్తును నిర్ణయిస్తుంది. తొలకరి వారాలకు ముందుగానే జొన్న చొప్పను నిల్వ చేయడం, గట్లపై అవిశ, సుబాబుల్ పెంచడం, సంఘం తరఫున ఉమ్మడి మేత నిల్వ ఏర్పాటు చేయడం వంటివి గడ్డికి విరామాన్ని సాధ్యం చేస్తాయి. ప్రత్యామ్నాయ మేత చూపకుండా కంచె మూస్తే ఆ భారమంతా భూమి లేని కాపరిపై పడుతుంది. ఆ కంచె ఎంతో కాలం నిలవదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు

ఫలితాన్ని కొలవడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. మేత భూమిలో ఒక చిన్న భాగాన్ని మంద చేరకుండా కంచెతో మూసి పోలిక క్షేత్రంగా ఉంచాలి. మీటరు చదరపు చట్రాన్ని అక్కడక్కడ ఉంచి, అందులోని గడ్డి జాతులను లెక్కించి, కోసి ఆరబెట్టి తూచాలి. ఏటా ఒకే నెలలో ఒకే చోట ఈ కొలత తీస్తే బహువార్షిక జాతుల వాటా పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అన్నది స్పష్టమవుతుంది. స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు రెండేళ్లలో ముగుస్తాయి. పచ్చిక కోలుకోవడానికి అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. కనుక ఒక విద్యార్థి కొలిచిన చోటనే తరువాతి విద్యార్థి కొలిచే విధంగా పరిశోధన స్థానాలు శాశ్వత పరిశీలన క్షేత్రాలను నిర్వహించాలి. ఔరేపల్లె, దోకూరు గ్రామాల సమాచారానికి విలువ రావడానికి కారణం మధ్యలో విరామం వచ్చినా అదే గ్రామాలకు తిరిగి వచ్చి పరిశీలించడమే.

కాపరులతో సమావేశాలను వారి కాలానికి అనుగుణంగా జరపడం కూడా అవసరం. మంద పగలంతా మేతకు పోతుంది. వలస కాలంలో కుటుంబ పెద్ద ఊరిలోనే ఉండడు. ఉదయం పదకొండు గంటలకు పంచాయతీ కార్యాలయంలో జరిగే సభకు గొర్రెలు లేనివారే హాజరవుతారు. మంద దొడ్డికి చేరిన తరువాత సాయంత్రం జరిగే సంభాషణలోనే మేపు నియమం రూపుదిద్దుకొంటుంది.

ముగింపు

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ పచ్చిక బయళ్ల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. గొర్రెల సంఖ్యలో దేశంలో ప్రథమ స్థానంలో ఉన్న రాష్ట్రానికి ఈ సందర్భం ప్రత్యేకమైనది. విత్తనం, పటం, నీటి సంరక్షణ విధానం, పశువైద్యం, గ్రామ సమాచారం అన్నీ ఈ ప్రాంతానికి అందుబాటులోనే ఉన్నవి. వాటిని ఒక బంచరాయిపై, ఒక మందతో, కొన్ని సంవత్సరాలపాటు కలిపి నడిపే ఏర్పాటే ఇంకా జరగవలసి ఉన్నది. పాలమూరు, నల్గొండ మెట్టలో తొలకరికి గడ్డి కుదురు మళ్లీ చిగురించాలంటే, ఆ కొద్ది వారాల విరామాన్ని శాస్త్రవేత్త, అధికారి, కాపరి కలిసి దానికి సమకూర్చవలసి ఉన్నది.